కొరివికారం జాడీ, హాట్ సాస్ సీసా

మా ఇంటి ఫ్రిజ్ తలుపులో ఇప్పుడు ఏడు హాట్ సాస్ సీసాలున్నాయి. వంటింటి అరలో ఉప్పు డబ్బా పక్కన, కిందటి సంక్రాంతి దాటాక అమ్మ పట్టి పంపిన కొరివికారం జాడీ ఉంది. నేనుండేది డాలస్‌లో. ఇంటికొచ్చిన మనవాళ్లు మంచినీళ్ల కోసం ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా దాదాపు ఒకటే మాట అంటారు. "ఇంట్లో మన కారం పెట్టుకుని ఈ నీళ్ల సాసులెందుకండీ? ఇదీ ఒక కారమేనా?"

ఇన్నేళ్లూ నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు జవాబు రాయాలనిపించింది. ఆ సీసాలంటే నాకు ఇష్టం, ఆ జాడీ అంటే ప్రాణం. ఇష్టానికీ ప్రాణానికీ కారణం ఒకటే. రెండూ కారాన్ని తినేవాళ్ల చేతికిస్తాయి. ఎంత కావాలో విస్తరి ముందు కూర్చున్నవాళ్లే కలుపుకుంటారు. కారం సరిపోవడం అంటే అదేనని, ఇంకెవరో నిర్ణయించేది కాదని నేను గట్టిగా నమ్ముతాను. మన తెలుగువాళ్లకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. మధ్యలో ఎక్కడో పౌరుషం వచ్చి దాని మీద కూర్చుంది.

మాది పల్నాడు. సత్తెనపల్లి దగ్గర ఊరు. మా నాన్న ఏటా రెండెకరాలైనా మిరప వేసేవాడు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కళ్లం అంతా ఎర్రగా పరిచి ఉండేది. బడి నుంచి వస్తుంటే ఊరి మొదట్లోనే తుమ్ములు మొదలయ్యేవి. రంగు పోయిన తాలుకాయ ఏరే ఆడవాళ్లు సాయంత్రానికి చేతులు భగభగమంటున్నాయని నూనె రాసుకునేవాళ్లు. పొరపాటున ఆ చేత్తో కన్ను నలుపుకుంటే ఇక ఆ పూట పని అయిపోయినట్టే. తర్వాత టిక్కీలు, అంటే బస్తాలు, కట్టి లారీకెత్తి గుంటూరు మిర్చి యార్డుకి తోలేవాళ్లు.

ఒకసారి నాన్నతో పాటు నేనూ యార్డుకి వెళ్లాను. కొనుగోలుదారు టిక్కీలో చెయ్యి పెట్టి నాలుగు కాయలు తీశాడు. ఒకటి విరిచి రంగు చూశాడు, గింజ చూశాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తేజ రకానికి ఒక రేటు, 334 రకానికి ఒక రేటు, 341కి ఒక రేటు, బాడిగకి ఒక రేటు. తేజ కాయ సన్నగా ఉంటుంది, కారం ఎక్కువ. బాడిగ ముడతలు పడి ఉంటుంది, కారం తక్కువ, రంగు మాత్రం కళ్లు చెదిరేలా ఉంటుంది. వరంగల్ వైపు చపాటా అని ఇంకో రకం ఉంది, లావుగా టమాటాలా ఎర్రగా ఉంటుంది. దాన్నీ కారం కోసం కాదు, రంగు కోసమే కొంటారు. పండించేవాడికీ అమ్మేవాడికీ కొనేవాడికీ మిరపకాయంటే ఒకే మంట కాదని తెలుసు. రంగు వేరు, కారం వేరు, వాసన వేరు. దేని ధర దానిది. అదే కాయ వంటింటికి వచ్చేసరికి, మనం దాన్ని ఒకే ఒక్క ప్రశ్నతో కొలుస్తాం. మండిందా, లేదా?

ఆ ప్రశ్న వల్ల నేను పడ్డ బాధ చెబుతాను.

ఇక్కడికి చదువుకోవడానికి వచ్చిన మొదటి ఏడాది. నలుగురం అమ్మాయిలం ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. ఎవరో పుర్రె బొమ్మ ఉన్న చిన్న సీసా తెచ్చారు. ఒక్క చుక్క కంటే ఎక్కువ వేసుకోవద్దని దాని మీదే రాసి ఉంది. "నువ్వు గుంటూరు పిల్లవి కదే, నువ్వు తినకపోతే ఇంకెవరు తింటారు?" అన్నారు. నేను చెంచాడు పోసుకుని నోట్లో వేసుకున్నాను. ఊరి పరువంతా ఆ చెంచాలో ఉందని అప్పుడు నిజంగానే అనుకున్నాను.

మొదట చేదు తగిలింది. కాలిన ఇనుము లాంటి చేదు. తర్వాత మంట నషాళానికి అంటింది, చెవులు మూసుకుపోయాయి. నీళ్లు తాగుతూనే ఉన్నాను, తాగిన కొద్దీ నోరంతా పాకింది. రాత్రంతా కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి. తెల్లారి క్లాసుకి వెళ్లలేదు. ఆ నొప్పికంటే నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసిన విషయం ఒకటుంది. అంత మంటలో ఎక్కడా మిరపకాయ రుచి లేదు. కళ్లంలో ఆడుకుంటూ పెరిగిన నాకు మిరపకాయ వాసన తెలియదా? ఆ సీసాలో అది లేదు. అది కాయ నుంచి కారం గుణాన్ని మాత్రమే విడదీసి తీసిన గాఢమైన సారంతో చేసిన సాస్ అని తర్వాత తెలిసింది. రుచి అంతా పోయి మంట ఒక్కటే మిగిలిన పదార్థం. దాన్ని తిండి అనడానికి నాకు ఇప్పటికీ మనసొప్పదు.

మంట సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన పౌరుషమంతా దాని మీదే నిలబడి ఉంది. మిరపకాయలో కారం పుట్టించే క్యాప్సైసిన్ నాలుక మీద రుచి మొగ్గలకి తగిలే తీపి, పులుపు లాంటిది కాదు. వేడి తగిలితే నొప్పి అని చెప్పే నాడులు మన నోట్లో ఉన్నాయి. వాటి మీద టీఆర్‌పీవీ1 అనే, తలుపు లాంటి గ్రాహకం ఉంటుంది. సుమారు 43 డిగ్రీల వేడి తగిలితే అది తెరుచుకుంటుంది. క్యాప్సైసిన్ వెళ్లి అదే తలుపు తెరుస్తుంది. నోట్లో నిప్పు లేకపోయినా ఉందని మెదడుకి కబురు పోతుంది. 1997లో శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం దీన్ని కనిపెట్టింది, 2021లో ఆయనకి నోబెల్ బహుమతిలో సగం వచ్చింది. మనం వాడే మాటల్లో ఇది ముందే ఉంది. కారం తగిలితే "నోరు మండింది" అంటాం, "కాలింది" అంటాం. ఆవపిండికి మాత్రం "ఘాటు" అంటాం. ఆవపెట్టిన అరటికాయ కూర ముక్కులోకి కొడుతుంది, నోరు మండదు. ఈ తేడా పట్టుకున్న భాష మనది.

ఆ తలుపుని రోజూ తడుతూ ఉంటే మెల్లగా మొద్దుబారుతుంది. కారం తట్టుకోవడమంటే చాలావరకు అంతే. అలవాటు. పల్నాడులో పుట్టిన పసిపిల్ల నాలుకా, డాలస్‌లో పుట్టిన పసిపిల్ల నాలుకా ఒకటే. వచ్చిన కొత్తలో రెండేళ్లు చప్పిడి తిండి తిని ఊరికెళ్లినప్పుడు గోంగూర పచ్చడికే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "అమెరికా పోయి కారం మర్చిపోయిందే" అని చుట్టాలు నవ్వారు. సిగ్గుతో తల దించుకుని ఇంకో ముద్ద కలుపుకున్నాను. ఇప్పుడైతే కలుపుకోను. నాడులు అలవాటు తప్పడానికీ ఊరిని మర్చిపోవడానికీ ఏమిటి సంబంధం?

ఇక అంకెల సంగతి. 1912లో డెట్రాయిట్‌లోని పార్క్-డేవిస్ అనే మందుల కంపెనీలో విల్బర్ స్కోవిల్ అనే ఆయన ఒక పద్ధతి పెట్టాడు. మిరపకాయ సారాన్ని చక్కెర నీళ్లలో కలిపి కొందరికి రుచి చూపిస్తారు. కారం తెలియకుండా పోయేదాకా పలచన చేస్తూ పోతారు. ఎన్ని రెట్లు పలచన చేయాల్సి వచ్చిందో అదే ఆ కాయ అంకె. ఇప్పుడు యంత్రాలతో కొలుస్తున్నారు గానీ అంకె ఆయన పేరు మీదే ఉంది. బెంగళూరు మిరపకాయ అని మనం పిలిచే క్యాప్సికమ్‌కి సున్నా. హలపేన్యోకి 2,500 నుంచి 8,000. గుంటూరు సన్నానికి 35,000 నుంచి 40,000 చెబుతారు. హబనేరోకి లక్ష నుంచి మూడున్నర లక్షలు.

టబాస్కో సాస్ అంకె 2,500 నుంచి 5,000. మా ఇంటికొచ్చినవాళ్లు దీన్ని చూపించే "ఇదీ ఒక కారమా" అంటారు. వాళ్ల లెక్కలో ఒక తప్పుంది. ఎండిన కారప్పొడిని తడి సాస్‌తో పోలుస్తున్నారు. కారప్పొడిని మనం చెంచాలతో తినం కదా. 40,000 ఉన్న కారం ఒక చెంచా తీసుకుని, దాని బరువుకి నలభై రెట్లున్న బెండకాయ పులుసులో వేశామనుకోండి. లెక్క ప్రకారం ఆ పులుసు 1,000కి దిగిపోతుంది. దాన్ని మళ్లీ అన్నంలో కలుపుతాం. అంటే ముద్ద నోటికి చేరేసరికి మన ఇంటి పులుసు ఆ "నీళ్ల సాసు" కంటే చాలా తక్కువ అంకెలో ఉంటుంది. ఈ లెక్క వేసుకున్న రోజు నాకు నిజంగా మనసు తేలికపడింది. మన వంట ఎప్పుడూ పలచన చేసే వంటే. పప్పుతో, చింతపండు పులుసుతో, నెయ్యితో, అన్నంతో. చివర్న పెరుగుతో.

అంకెల పోటీ మాత్రం ఆగలేదు. 2007లో ఈశాన్య భారతం నుంచి భూత్ జొలోకియా మిరపకాయ పది లక్షలు దాటి గిన్నిస్ రికార్డు కొట్టింది. 2013లో కరోలినా రీపర్ పదిహేను లక్షలు దాటింది. 2023లో, ఆ రీపర్‌ని పెంచిన ఎడ్ కర్రీయే పెంచిన పెప్పర్ ఎక్స్ 26 లక్షల 93 వేల దగ్గర నిలిచింది. ఒక కాయని ఏళ్ల తరబడి ఎంపిక చేస్తూ ఆ స్థాయికి తేవడం మామూలు సేద్యం కాదు, రైతుబిడ్డగా ఆ పనికి దండం పెడతాను. కానీ ఆ కాయలతో సవాళ్లు విసిరి, వీడియోలు తీసి, పిల్లల దాకా తేవడం చూస్తే భయమేస్తుంది. 2023 సెప్టెంబరులో మసాచుసెట్స్‌లో పద్నాలుగేళ్ల పిల్లవాడు, తినగలవా అని సవాలు విసిరే విపరీతమైన కారం చిప్ తిని అదే రోజు చనిపోయాడు. అతని గుండెలో ముందే లోపం ఉంది. అయినా కారం ఎక్కువగా ఉన్న ఆ తిండి తిన్నాక గుండె ఆగినట్టు శవపరీక్షలో రాశారు. ఆ వార్త చదివిన రాత్రి నాకు నా చెంచా గుర్తొచ్చింది. నన్ను ఉసిగొల్పిన మాటే ఆ పిల్లవాడినీ ఉసిగొల్పి ఉంటుంది.

ఇప్పుడు జాడీ దగ్గరికి వస్తాను. ఇదంతా రాయాలనిపించింది అసలు దీని కోసమే.

కొరివికారం తెలియని తెలుగువాళ్లుండరు. తెలంగాణలో పండుమిరప తొక్కు అంటారు. సంక్రాంతి దాటాక చేలో కాయ పండి, ఇంకా ఎండకుండా, నిగనిగలాడుతూ కండపట్టి ఉన్నప్పుడు కోస్తారు. పచ్చి మచ్చ ఉన్నది పనికిరాదు, వడిలినదీ పనికిరాదు. కడిగి, గుడ్డ మీద నీడన ఆరబెట్టి, తడి లేకుండా చూసి తొడిమలు తీస్తారు. మా ఇంట్లో కిలో కాయకి పావుకిలో కల్లుప్పు, పావుకిలో చింతపండు. పసుపు కాస్త. రోట్లో కచ్చాపచ్చాగా దంచి జాడీకెత్తి, పైన మళ్లీ కాస్త ఉప్పు చల్లి వాసెన కడతారు. మూడో రోజు తీసి మళ్లీ దంచుతారు. ఆ మూడు రోజుల్లోనే ఏదో జరుగుతుంది. పచ్చి మంట తగ్గుతుంది, కాయలో ఉన్న తీపి బయటికొస్తుంది, పులుపు దానికి తోడవుతుంది. ఏడాది పొడుగునా కావలసినప్పుడు కొంచెం తీసి, మెంతిపిండి, వెల్లుల్లి వేసి నూరి, ఇంగువ తాలింపు పెట్టుకుంటాం.

టబాస్కో ఎలా చేస్తారో మొదటిసారి చదివినప్పుడు నేను లేచి నిలబడ్డాను. లూసియానాలో ఏవరీ ఐలాండ్ అనే చోట, నేల కింద ఉప్పు గుట్ట ఉన్న చోట, ఎడ్మండ్ మెక్‌ఇలెనీ 1868లో మొదటి అమ్మకపు పంట తీశాడు. బాగా పండిన ఎర్ర కాయలే కావాలి. కోసేవాళ్ల దగ్గర ఎర్ర రంగు వేసిన చిన్న పుల్ల ఉంటుంది, కాయని దాని పక్కన పెట్టి రంగు కలిసిందా లేదా చూస్తారు. కాయల్ని ఉప్పుతో నలిపి ముద్ద చేసి, అంతకుముందు విస్కీ ఊరిన ఓక్ చెక్క పీపాల్లో వేసి, పీపా మూత మీద ఉప్పు మందంగా పరుస్తారు. మూడేళ్ల దాకా ఊరనిస్తారు. ఆ తర్వాత వెనిగర్ కలిపి, తోలూ గింజలూ వడకట్టి సీసాల్లో పోస్తారు.

పండుమిరప, ఉప్పు, ఓపిక. అక్కడిదాకా రెండిళ్ల వంటా ఒకటే. తర్వాత వాళ్లు వెనిగర్ వైపు వెళ్లారు, మనం చింతపండు వైపు వెళ్లాం. కొరివి అంటే మండుతున్న కట్టె. వాళ్లు కాయ పండిందో లేదో చూసుకునేది ఎర్ర పుల్లతో. ఈ రెండు మాటలకీ సంబంధమేమీ లేదు, నాకూ తెలుసు. అయినా ఆ రెండూ పక్కపక్కన గుర్తొచ్చినప్పుడల్లా సంతోషంగా ఉంటుంది. అసలు మిరపకాయ మనకి వచ్చింది కూడా అమెరికా ఖండాల నుంచే. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ల ఓడల్లో. అప్పటిదాకా మన కారం మిరియాలది. ఆ మిరియం పేరు మీదే కొత్త కాయకి మిరప అని పేరు పెట్టుకున్నాం. అలాంటప్పుడు ఆ సీసా పరాయిదనీ జాడీ ఒక్కటే మనదనీ ఎలా అనగలను?

మిగతా సీసాల గురించి త్వరగా చెప్పేస్తాను. శ్రీరాచా పేరు థాయిలాండ్‌లోని ఊరిది, ఇక్కడ అందరి ఇళ్లలో ఉండే కోడిపుంజు బొమ్మ సీసా మాత్రం వియత్నాం నుంచి శరణార్థిగా వచ్చిన డేవిడ్ ట్రాన్ 1980లో లాస్ ఏంజెలెస్‌లో మొదలుపెట్టిన కంపెనీది. ఎర్ర హలపేన్యో, వెల్లుల్లి, చక్కెర. ఉప్మాలోకి బాగుంటుంది. హబనేరో సాస్ మీద నాకు గౌరవం ఎక్కువ. ముందు ఆప్రికాట్ పండు వాసన వస్తుంది, ఆ తర్వాతే మంట. రెండు చుక్కలు దాటితే ఆ పండు వాసన నాకు అందదు. అందుకే రెండు చుక్కల దగ్గర ఆగుతాను. ఇంకా తట్టుకోగలను, కానీ తట్టుకుని ఏం చేసుకోను?

నా కొలత అదే. వాసన అందుతున్నంతవరకూ కారం సరిపోయినట్టు. కాయ ఏమిటో, చింతపండు పులుపెంతో, మెంతి ఉందో లేదో నాలుక చెప్పగలిగితే సరిపోయినట్టు. అవి వినిపించకుండా పోయిన క్షణం నుంచి నేను తింటున్నది వంట కాదు, నొప్పి. ఈ హద్దు అందరికీ ఒకచోట ఉండదు. నాకే రోజూ ఒకచోట ఉండదు. జలుబు చేసినప్పుడు ఎక్కువ కావాలనిపిస్తుంది, నిద్ర లేని రోజు చారులో మిరియాలు కూడా ఎక్కువనిపిస్తాయి. ఆపకుండా గబగబా తింటే మంట ముద్ద మీద ముద్ద పేరుకుంటుంది. కాసేపు ఆగి మళ్లీ తింటే అదే కారం తక్కువ అనిపిస్తుంది. కొత్త సాస్ కొన్నప్పుడు వట్టి నాలుక మీద ఎప్పుడూ వేసుకోను. వేడి అన్నం, నెయ్యి, ఒక చుక్క. ఒక నిమిషం ఆగుతాను. మంట వెంటనే వచ్చి పోయేది ఒకటి, మింగాక గొంతులో మెల్లగా మొదలయ్యేది ఒకటి. ఆ రెండో రకం ఆగనివాళ్లని మోసం చేస్తుంది.

ఇలా మారుతూ ఉండే హద్దుని, ఎవరికి వారికే తెలిసే హద్దుని, వంట మొదలుకాకముందే ఎలా చెప్పగలం? ఇక్కడి ఇండియన్ రెస్టారెంట్లలో ఆర్డర్ తీసుకునేటప్పుడే అడుగుతారు. మైల్డా, మీడియమా, హాటా, ఇండియన్ హాటా? నేను ఎప్పుడూ తడబడతాను. మీ వంటవాడి మీడియం నాకెలా తెలుస్తుంది? నా ఆకలి ఇవాళ ఎలాంటిదో ఆయనకెలా తెలుస్తుంది? "ఇండియన్ హాట్" అన్న మాట విన్నప్పుడు ఇంకా బాధ. మన వంట మొత్తాన్ని ఒక పరీక్షలా పెట్టి, పాసవుతావా అని అడిగినట్టుంటుంది. మెక్సికన్ హోటల్‌కి వెళ్తే బల్ల మీద రెండు మూడు రకాల సాల్సా పెట్టి వెళ్లిపోతారు. థాయ్ నూడుల్స్ కొట్లో చిన్న గిన్నెల్లో ఎండుమిరప పొడి, మిరపకాయలు నానిన వెనిగర్, చేప సాస్, చక్కెర ఉంటాయి, ఎవరి గిన్నె వాళ్లు సరిచేసుకుంటారు. మన విస్తరీ అంతే కదా! ముద్దపప్పు ఒక పక్క, ఆవకాయ ఒక పక్క, మధ్యలో నెయ్యి. ఆవకాయ ఎంత కలుపుకోవాలో ఏ వంటమనిషీ చెప్పడు.

దీనికి మా అమ్మ ఒక అభ్యంతరం చెప్పింది, అది సరైనదే. "అన్నీ పైన కలుపుకుంటే పచ్చి వాసన రాదూ? తాలింపులో ఎండుమిరపకాయ వేగితే వచ్చే కమ్మదనం పైన చల్లిన కారానికి వస్తుందా?" రాదు. కారప్పొడి నూనెలో వేగాలి, పులుసులో ఉడకాలి. చప్పగా వండి పైన కారం చల్లితే ఆ కూర ఎవరికీ నచ్చదు. కాబట్టి వంటలో కారం ఉండాలి, ఆ కూరకి వాసన పట్టేంత. ఆ పైన కావలసినది జాడీలోంచి రావాలి, సీసాలోంచి రావాలి. ఊరిన పచ్చడికీ సాస్‌కీ పచ్చి వాసన ఉండదు, అవి ఉప్పులో పులుపులో ముందే పక్వమై ఉంటాయి. పైన కలుపుకోవడానికే పుట్టినవి అవి. వాటి గొప్పతనం ఇదేనని అమ్మకి చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి "మరి వేపుళ్లకి?" అంది. వేపుళ్ల విషయంలో నేను ఓడిపోయాను. దొండకాయ వేపుడులో కారం చివర్లో చల్లి మూకుట్లోనే కలపాలి, వేరే దారి లేదు.

కారం తగ్గించడానికి మన ఇళ్లలో ఎన్ని ఉపాయాలున్నాయో చూడండి. బజ్జీల కాయని చీల్చి లోపలి తెల్లటి ఈనె, గింజలు తీసేసి వాము, చింతపండు గుజ్జు కూరతాం. కారం ఎక్కువగా ఉండేది ఆ తెల్లటి ఈనెలోనే, గింజలో కాదు. దానికి అంటుకుని ఉంటుంది కాబట్టి గింజ మండుతుంది. పచ్చిమిరపకాయల్ని ఉప్పు వేసిన మజ్జిగలో నానబెట్టి, ఎండలో పెట్టి, మళ్లీ నానబెట్టి చల్లమిరపకాయలు చేస్తాం. క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. పాలల్లోని కేసీన్ దాన్ని పట్టుకుని కడిగేస్తుంది. నెయ్యి ముద్దలోకి ముందూ, పెరుగు భోజనానికి చివరా ఎందుకొచ్చాయో ఇంతకంటే ఏం చెప్పాలి? ఉగాది పచ్చడిలో కారం ఆరింట్లో ఒకటి. ఐదింటిని మింగేసే కారాన్ని ఏ ఇంట్లోనూ ఉగాది పూట వేయరు.

ఇంత తెలిసిన మనం పెళ్లిళ్లలో, పార్టీల్లో మాత్రం అందరికీ ఒకే మంట వడ్డిస్తాం. మామయ్యగారికి అల్సర్. మొన్న ఒక గృహప్రవేశంలో కూరలన్నీ అంత కారంగా ఉంటే, ఆయన పెరుగన్నం ఒక్కటే తిని లేచారు. వడ్డించే అబ్బాయి "ఏంటండీ, ఆంధ్రా వాళ్లయ్యుండి" అన్నాడు. డెబ్భై ఏళ్లు మిరప తిన్న మనిషాయన. ఆయన మొహం చిన్నబోవడం చూసి నాకు కోపం వచ్చింది, అబ్బాయి మీద కాదు, ఆ మాట మీద. తెలుగువాళ్లలో కారం తినలేనివాళ్లుంటారు. చిన్నపిల్లలు, అల్సర్ ఉన్నవాళ్లు, మందులు వాడేవాళ్లు, ఊరికే ఇష్టం లేనివాళ్లు. వాళ్లూ తెలుగువాళ్లే.

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. దానికి కారం "అలవాటు చేయమని" చాలామంది సలహా ఇచ్చారు. నేను చేసిందల్లా భోజనాల బల్ల మీద సీసాలూ జాడీ పెట్టడమే. ఏదీ తినమని చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. ఐదో ఏట శ్రీరాచా చుక్క వేలితో అద్దుకుంది. ఆరో ఏట ఆవకాయ ముక్కని మజ్జిగలో కడుక్కుని తింది. కిందటి నెల పప్పన్నంలో కొరివికారం పెసరగింజంత కలుపుకుని, "అమ్మా, ఇది ముందు స్వీట్‌గా ఉంది" అంది. ఆ తీపి కొరివికారంలో ఉందని నేను కనిపెట్టేసరికి నాకు ముప్పై ఏళ్లు వచ్చాయి.

ఈ సీసాల్లో మొదటిది ఊరికి తీసుకెళ్లింది 2014లో, నాయనమ్మ కోసం. అప్పుడామెకి ఎనభై దాటాయి. మా ఇంట్లో కొరివికారం చెయ్యి ఆమెదే, అమ్మ ఆమె దగ్గరే నేర్చుకుంది. చిన్న టబాస్కో సీసా చేతికిచ్చి, ఏమీ చెప్పకుండా రుచి చూడమన్నాను. వంట చేసేటప్పుడు ఉప్పు చూసినట్టే, అరచేతిలో ఒక చుక్క వేసుకుని నాలుకకి తగిలించింది. కళ్లు మూసుకుంది.

"పండుకాయే," అంది. "ఉప్పులో బాగా ఊరింది. చింతపండు వెయ్యలేదేమే?"

వాళ్లకి చింతపండు లేదనీ, చెక్క పీపాల్లో మూడేళ్లు ఊరనిస్తారనీ చెప్పాను.

"మూడేళ్లే! మరి పైన ఏం కప్పుతారు?"

"ఉప్పు పరుస్తారు నాయనమ్మా."

"ఆఁ, ఉప్పే మరి," అని తలూపింది, ఎదురింటావిడ పచ్చడి సంగతి విన్నట్టు.

రాత్రి భోజనాల దగ్గర తనే అడిగి పెరుగన్నంలో రెండు చుక్కలు వేయించుకుంది. కలుపుకుని ఒక ముద్ద తిని, కాసేపు ఆగింది. తర్వాత కంచం నా వైపు జరిపి, "ఇంకొక్క చుక్క వెయ్యి" అంది.